మాకు కలవని పాయింటు

ఆగస్టు 10, ఆదివారం

డాక్టరమ్మ రోజూ బీపీ చూసుకుని తారీఖు వేసి రాసుకోమంది. ఈయన కోచింగ్ సెంటర్ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఖాళీగా పడుందని తీశాను. ఇవాళ బీపీ చూసుకోలేదు. చూసుకుంటే మిషను పగిలేది.

ఇరవయ్యొకటో స్థానం! ట్రోఫీలు ఇరవై మందికి, మా తన్మయిది ఇరవయ్యొకటి. దీనికన్నా నూటయాభయ్యో స్థానం వచ్చుంటే హాయిగా ఇంటికొచ్చి పడుకునేదాన్ని.

హయత్‌నగర్‌లో ఫంక్షన్ హాలు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి, ఆడా మగా కలిపి ఒకటే చెస్ పోటీ. పొద్దున్నే పిల్లల్ని లోపలికి పంపి తలుపులు వేసేశారు. తల్లిదండ్రులందరం వెనక భోజనాల హాల్లో, ప్లాస్టిక్ కుర్చీల మీద. రౌండు అయినప్పుడల్లా తలుపు తెరుస్తారు, పిల్లలు బయటికొస్తారు, వాళ్ళ మొహాలు చూసి మనం కనిపెట్టుకోవాలి. మా దాని మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. గెలిచినా ఓడినా ఒకటే మొహం. దగ్గరికొచ్చి నీళ్ళ సీసా అడుగుతుంది, అంతే. పద్నాలుగేళ్ళ పిల్లకి అంత గుంభనం ఎక్కణ్ణుంచి వచ్చిందో, నా పోలిక మాత్రం కాదు.

ఏడు రౌండ్లలో ఐదు పాయింట్లు తెచ్చింది. ఇరవయ్యో స్థానం వచ్చిన అబ్బాయికీ ఐదే. మరి వాడికెందుకిచ్చారు, దీనికెందుకివ్వలేదు? ఆర్బిటర్, అదే రిఫరీ, దగ్గరికెళ్ళి అడిగితే "టైబ్రేక్ మేడమ్" అన్నాడు, చెప్పేసినట్టే.

పక్క కుర్చీలో సాంబమూర్తి గారు వివరం చెప్పారు. ఆయన మనవడు గౌతమ్‌ని ప్రతి టోర్నమెంటుకీ తీసుకొస్తారు, రిటైరయ్యాక అదే ఉద్యోగం. "చూడమ్మా, తన్మయి ఏడుగురితో ఆడింది కదా. ఆ ఏడుగురూ ఇవాళ మొత్తం మీద ఎన్నెన్ని పాయింట్లు తెచ్చుకున్నారో అవి కూడతారు. గట్టివాళ్ళతో ఆడి ఐదు తెచ్చుకున్నవాడు ముందు, మెతకవాళ్ళతో ఆడి తెచ్చుకున్నవాడు వెనక. దీనికేదో జర్మన్ పేరుందిలే, నోరు తిరగదు."

"అంటే మనం ఓడించినవాళ్ళు బాగుపడితే మనకి లాభమా?"

"అంతేనమ్మా. అయితే అందులో ఒక చిన్న మెలికుంది" అని ఆయన అంటూనే ఉన్నారు, ఇంతలో మైకులో పిలిచారు. బహుమతులు కిందనించి పైకి ఇస్తారు, ముందు ఇరవయ్యో వాడు. నేను లేచి నిలబడ్డాను, ఎక్కడో పొరపాటు జరిగి మా దాని పేరే పిలుస్తారేమోనని. పిలవలేదు.

ట్రోఫీలు రానివాళ్ళందరికీ చివర్న మెడల్. ఆడినవాళ్ళందరికీ ఇచ్చేదే, మెళ్ళో వేసుకునే రిబ్బన్‌తో. ఒకావిడ బస్సుకి టైమవుతోందని అడిగితే వాళ్ళ పాపకి మధ్యాహ్నమే ఇచ్చి పంపేశారు. మేం మాత్రం చివరిదాకా కూర్చున్నాం. తన్మయి మెడల్‌ని తెచ్చి నా హ్యాండ్‌బ్యాగులో పడేసింది.

నాకేం ట్రోఫీల మీద మోజు లేదు. పిల్ల కష్టం చూసి బాధ, అంతే.

ఆగస్టు 11, సోమవారం

ఈయన రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టారు. ఫిజిక్స్ లెక్చరర్ కదా, ఏది మాట్లాడినా బోర్డు ముందు నిలబడ్డట్టే.

"ఇరవయ్యొకటి అంటే అదొక ర్యాంకా విజయా? మా సెంటర్లో ఇరవయ్యొకటి వస్తే మెయిన్ రోడ్డు మీద ఫోటో వేస్తారు. మీ చెస్‌లో మెళ్ళో ఓ బిళ్ళ కట్టి పంపిస్తారు."

నాకు ఒళ్ళు మండింది. పిల్ల ముందే అనాలా? తన్మయి తలెత్తకుండా పెరుగన్నం తింటోంది.

చివరికి తేల్చేశారు. దసరా లోపల ఒక్క ట్రోఫీ తెస్తే ఈయన ఇక నోరెత్తరు, ఆదివారాలు దానివి. తేకపోతే దసరా సెలవులవగానే సెంటర్లో ఆదివారం ఫౌండేషన్ బ్యాచ్. వచ్చే ఏడు టెన్త్. టోర్నమెంట్లన్నీ ఆదివారాలే కాబట్టి దాని అర్థం చెస్ అయిపోయినట్టే.

"సరే నాన్నా" అంది.

దాని గదిలోకెళ్ళి చూశాను. మంచం మీద బోర్డు పరుచుకుని నిన్న ఓడిపోయిన ఆట మళ్ళీ ఆడుతోంది, రెండు వైపులా అదే. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు. "అమ్మా, ఇక్కడ గుర్రాన్ని కదపకుండా ఉండాల్సింది" అంది. నాకు గుర్రం ఎలా నడుస్తుందో ఇప్పటికీ సరిగ్గా రాదు.

ఆగస్టు 12

బీపీ చూసుకోలేదు.

ఆగస్టు 31, ఆదివారం

అపార్ట్‌మెంట్ కింద వినాయకుడి మైకు మోగిపోతోంది. తన్మయి చెవుల్లో దూది పెట్టుకుని ఆడుకుంటోంది. దసరా లోపల ఇంకొక్కటే టోర్నమెంటుంది, ఎల్బీనగర్‌లో, పద్నాలుగో తారీఖున. పేరు ఇచ్చేశాను.

దానికి ఆ బోర్డు తప్ప ఇంకేం అక్కర్లేదు. మా వాళ్ళ పిల్లలందరూ ఫోను, ఫోను అని చంపుకు తింటారు. ఇది ఒక్కటే అడిగింది పుట్టి బుద్ధెరిగాక. దాన్ని కూడా తీసేస్తారట. తీసెయ్యనిస్తానా?

సెప్టెంబర్ 13, శనివారం

కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికెళ్ళొచ్చాను. ప్రదక్షిణలు చేస్తూ ఏం మొక్కుకున్నానో రాస్తే నవ్వొస్తుంది. రేపు తన్మయి గెలవాలి, తన్మయితో ఆడినవాళ్ళు కూడా ఆ తర్వాత గెలవాలి. ఓడించేటప్పుడు ఓడాలి, తర్వాత బాగుపడాలి. స్వామికి ఎంత అర్థమైందో.

సెప్టెంబర్ 14, ఆదివారం

వచ్చింది! పద్దెనిమిదో స్థానం. ట్రోఫీ టీవీ పక్కన ఉంది. మాటిమాటికీ వెళ్ళి చూసొస్తున్నాను.

మొదటినుంచీ రాయాలి. మొదటి రౌండులో తొమ్మిదేళ్ళ పిల్లాడు తగిలాడు, మణికంఠ అని. టోర్నమెంటంటే వాడికి ఇదే మొదలు. పావుగంటలో గెలిచేసి వచ్చింది. వాళ్ళమ్మ అరుణ నా పక్కనే కూర్చుంది. కర్మన్‌ఘాట్ వాళ్ళే, అక్కడి పాత కాపులు, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. ఓడించిన పిల్ల తల్లిని అని తెలిసి కూడా స్టీలు డబ్బా తెరిచి సర్వపిండి పెట్టింది. "తినుండ్రి అక్కా. మీ బిడ్డ మస్తు ఆడిందంట, మావోడే చెప్తుండు. వానికి గెలుసుడు లేదు ఓడుడు లేదు, మెడల్ ఇస్తరా లేదా, గదే ఫికరు." నవ్వుకున్నాం.

తర్వాత నా పని నాకే వింతగా అనిపించింది. రౌండు అయ్యాక తన్మయి గెలిచిందో లేదో కనుక్కోవడం, వెంటనే ఇంతకుముందు దాంతో ఆడినవాళ్ళు గెలిచారో లేదో కనుక్కోవడం. పరాయి పిల్లల కోసం జన్మలో ఇంతగా దేవుణ్ణి తలుచుకోలేదు. ఎవరో ఓడి ఏడుస్తూ వస్తే వాళ్ళమ్మ కంటే నా ప్రాణం ఎక్కువ ఉసూరుమంది.

ఆరో రౌండు అయ్యేసరికి మా దానికి నాలుగు పాయింట్లు. ఆఖరిది గెలిస్తే ఐదు. కానీ ఐదు పాయింట్లవాళ్ళు చాలామంది ఉంటారు, మళ్ళీ టైబ్రేకే. మణికంఠకి మధ్యాహ్నం నుంచి కాస్త నలతగా ఉంటే నా బ్యాగులో ఉన్న గోలీ ఒకటి ఇచ్చాను. ఆఖరి రౌండు ఆడాడు, గెలిచాడు కూడా. మా తన్మయీ గెలిచింది.

ముఖ్య అతిథి ఎవరో లోకల్ నాయకుడు, ఐదింటికి రావలసినవాడు ఏడున్నరకొచ్చాడు. వచ్చాక శాలువాలు, ఉపన్యాసం. తను కూడా చిన్నప్పుడు క్యారమ్స్ బాగా ఆడేవాడట. అప్పుడు మొదలుపెట్టారు. ఇరవై... పంతొమ్మిది... "ఎయిటీన్త్ ప్లేస్, తన్మయి!" నేను ఫోనులో వీడియో తీస్తూ ఏడ్చేశాను, ఫోను ఎటు పట్టానో, సగం వీడియోలో పైకప్పే కనిపించింది. తెనాలిలో మావాళ్ళందరికీ పంపించాను.

ఈయన ట్రోఫీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మాట మాటే" అన్నారు. ఆ ఒక్క ముక్క చాలు.

సెప్టెంబర్ 15, సోమవారం

ఈయన మారిపోయారు! సెంటర్లో కొలీగ్స్‌కి టైబ్రేక్ గురించి పాఠం చెప్పొచ్చారట. మధ్యాహ్నం ఫోన్ చేసి మరీ నన్నడిగారు, ఏడుగురివీ కూడతారా అని. కూడతారు అని చెప్పాను.

మణికంఠకి ఎలా ఉందో కనుక్కుందామనుకున్నాను. రేపు చేస్తాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

నేను చెయ్యకముందే అరుణే చేసింది.

"అక్కా, మావోన్ని దవాఖానల షరీక్ చేసినం. డెంగీ అన్నరు. ప్లేట్‌లెట్స్ పడిపోయినయంట, మస్తు పరేషాన్ అయితున్నం."

ఎక్కడ, ఎలా ఉన్నాడు అని ఏదో అడిగాను.

"ఆదివారమే తీస్కరావాల్సుండె అని డాక్టర్ గట్టిగ అన్నడు. మేం ఇంటికి పొయ్యేటాలకే పొద్దుపోయె గద. మీరు గోలి ఇయ్యబట్టి గా ఒక్క ఆటన్న గెలిసిండు. మెడల్ గుంజుకుంటరని చేతిల గట్టిగ పట్టుకోని పన్నడు అక్కా, సిస్టర్లు ఇడిపిస్తే ఇడుస్తలేడు."

నాకు థాంక్స్ చెప్పింది. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి రక్తం ఎవరైనా ఇస్తారేమో కనుక్కోమంది. కనుక్కున్నాను. ఈయన సెంటర్లో ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళొచ్చారు.

డెంగీ అంటే దోమ కుట్టి వస్తుంది. ఆదివారం వచ్చింది కాదు, అంతకు ముందే ఒంట్లో ఉంటుంది. నేనేం బలవంతం చేయలేదు.

సెప్టెంబర్ 17, బుధవారం

నేనేం బలవంతం చేయలేదు. వాళ్ళమ్మ ఉంది, వాళ్ళమ్మ నిర్ణయం.

బీపీ చూసుకున్నాను. 160. కింద అంకె రాయను.

అదే రోజు, సాయంత్రం

ఈ డైరీ ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే నిజం ఇంకెక్కడ రాసుకోను?

ఆరో రౌండు అయ్యాక అరుణ డబ్బాలు సర్దేసింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకుని గేటు దగ్గర నిలబడింది. "ఒళ్ళు పెనంలెక్క గాలుతున్నది అక్కా, తీస్కపోత" అంది. నేను వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే కాలుతోంది. ఆ చేత్తోనే లెక్క వేశాను. వీడికి రెండు పాయింట్లున్నాయి, ఆఖరిది ఆడి గెలిస్తే మూడు, ఆ మూడూ మా దాని టైబ్రేక్‌లో కలుస్తాయి. వెళ్ళిపోతే అంత తగ్గుతుంది. హయత్‌నగర్‌లో ఎంత తేడాలో పోయిందో గుర్తొచ్చింది.

"ఇప్పుడెళ్ళిపోతే మెడల్ ఇవ్వరు అరుణా" అన్నాను. "అన్ని రౌండ్లూ ఆడినవాళ్ళకే ఇస్తారు."

అబద్ధం. హయత్‌నగర్‌లో అడిగినావిడకి మధ్యాహ్నమే ఇచ్చి పంపడం నా కళ్ళతో చూశాను. నేనే ఈ డైరీలో రాసుకున్నాను కూడా.

భుజం మీద పడుకున్నవాడు తలెత్తాడు. "మమ్మీ, నేనాడుతా" అన్నాడు. నేను గోలీ ఇచ్చి నీళ్ళు తాగించాను. తలుపు దాకా వాడి చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. చెయ్యి ఎంత వేడిగా ఉందంటే, వదిలేశాక కూడా నా చేతికి ఆ వేడి తెలిసింది. గెలిచొచ్చి వాంతి చేసుకున్నాడు. తర్వాత నాయకుడు వచ్చేదాకా మూడు గంటల పైనే, రెండు కుర్చీలు కలిపి వాటి మీద పడుకున్నాడు. అప్పుడైనా వెళ్ళి నిర్వాహకుల్ని అడిగి మెడల్ ఇప్పించేదాన్ని కదా? అడిగితే అబద్ధం బయటపడుతుందని అడగలేదు.

తెనాలికి పంపిన వీడియో మళ్ళీ చూశాను. తన్మయి స్టేజీ ఎక్కుతుంటే వెనక ఎడమ పక్కన ఆ రెండు కుర్చీలు కనిపిస్తాయి. అరుణ చున్నీతో వాడికి విసురుతోంది. అందరూ చప్పట్లు కొడుతుంటే తనూ ఆ చున్నీ వదిలి మా దాని కోసం చప్పట్లు కొట్టింది.

సెప్టెంబర్ 18, గురువారం

దవాఖానకి వెళ్ళొచ్చాం. తన్మయి వస్తానంది, వద్దనలేకపోయాను. కొబ్బరినీళ్ళూ బత్తాయిలూ పట్టుకెళ్ళాం. పిల్లాడు మంచంలో సగం కూడా లేడు. చేతికి సూది, ఇంకో చేతిలో మెడల్. తన్మయిని చూసి నవ్వాడు. "అక్కా, నేను మూడు గెలిచిన" అన్నాడు.

"సూపర్ రా" అంది తన్మయి.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే అరుణ నా చెయ్యి పట్టుకుంది. పాపం, మంచి మాట అనుకునే తన్మయితో అంది. "మీ మమ్మీ చెప్పకుంటే మేం పోతుంటిమి బిడ్డా, మెడల్ రాకపోతుండె వీనికి. అన్ని ఆటలు ఆడాలె గదా, గా సంగతి మాకేం ఎరుక?"

తన్మయి నా వైపు చూసింది. దాని మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరని రాశాను కదూ. ఇవాళ కనిపెట్టగలిగాను.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా అడిగింది.

"మెడల్ మధ్యలో అడిగినా ఇస్తారు. నీకు తెలుసు కదమ్మా?"

"జ్వరం అంతుందని నాకేం తెలుసు తల్లీ..."

"తెలుసా, తెలీదా?"

తెలుసు అన్నాను.

"ఎందుకు మరి?"

చెప్పాను. దాచి లాభం లేదు. నీ కోసమే, నాన్న అంత మాటన్నారు కాబట్టి, టైబ్రేక్‌లో వాడి పాయింటు కలిస్తే నీకు... అంతా చెప్పాను. చెబుతుంటే నాకే నా గొంతు పరాయిగా వినిపించింది.

అది కోప్పడుతుందనుకున్నాను. ఫోను తీసి, ఆదివారం రిజల్ట్స్ తెరిచి, నా పక్కన కూర్చుని చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "ఇదిగో, నాతో ఆడిన ఏడుగురు. మణికంఠకి మూడు. మిగతా అందరికీ నాలుగు, లేకపోతే అంతకన్నా ఎక్కువ. టైబ్రేక్‌లో ఏడుగురివీ కూడరమ్మా. అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళని ఒకళ్ళని తీసేసి, మిగతా ఆరుగురివే కూడతారు. మొదటి రౌండులో చిన్నపిల్లలు తగిలితే అది మన తప్పు కాదు కదా, అందుకని అలా పెట్టారు."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యింది, కాదనుకున్నాను.

"వాడు గెలిచినా తీసేసేవాళ్ళే, ఓడినా తీసేసేవాళ్ళే. ఇంటికెళ్ళిపోయి మందు వేసుకుని పడుకున్నా తీసేసేవాళ్ళే. నాకు పద్దెనిమిదే వచ్చేది."

సాంబమూర్తి గారి మెలిక ఇదన్నమాట. ఆయన చెబుతూనే ఉన్నారు, నేనే లేచి నిలబడ్డాను.

"నన్నడగొచ్చు కదమ్మా" అంది తన్మయి. అప్పుడు ఏడ్చింది. ఆదివారాలు పోతాయంటే ఏడవనిది దీనికి ఏడ్చింది.

సెప్టెంబర్ 20, శనివారం

మణికంఠని ఇంటికి పంపించేశారట. ప్లేట్‌లెట్స్ పెరిగాయట. హనుమంతుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఈసారి ఏ లెక్కా చెప్పకుండా.

తన్మయి ట్రోఫీని తీసెయ్యలేదు. టీవీ పక్కనే ఉంది. తీసేస్తే బాగుండేది, నేను చూడకుండా ఉండేదాన్ని. "తియ్యనా?" అని అడిగితే "అదేం చేసింది? నేను ఆడి గెల్చుకున్నదే కదా" అంది. నిజమే. అందులో నేను కలిపింది ఏమీ లేదు.

"నువ్వే చెప్పమ్మా అరుణ ఆంటీకి. నేను చెప్పను" అని కూడా అంది.

సెప్టెంబర్ 22

రేపు చెబుతాను.

సెప్టెంబర్ 24, బుధవారం

చేశాను. అరుణ ఫోనులో, వెనక బతుకమ్మ పాటలు వినిపిస్తున్నాయి. "చెప్పుండ్రి అక్కా, పోరడు మంచిగున్నడు, ఇయ్యాల అన్నం తిన్నడు" అని హుషారుగా ఎత్తింది. ఎన్ని రకాలుగా మొదలుపెట్టొచ్చో అన్ని రకాలుగా అనుకుని ఉంచుకున్నాను. ఏదీ రాలేదు. పిల్లకి వాళ్ళ నాన్న గడువు పెట్టారని మొదలుపెట్టి, మధ్యలో నాకే అసహ్యమేసి, మెడల్ సంగతి అబద్ధం అని చెప్పేశాను. అడిగితే అప్పుడే ఇచ్చేవాళ్ళు, నాకు తెలుసు, నా కూతురి టైబ్రేక్ కోసం అలా అన్నాను అని.

పాటలు దూరమైనట్టు వినిపించాయి, ఇంట్లోకి నడిచినట్టుంది.

"నుదురు పట్టి చూసిండ్రు గద అక్కా మీరు" అంది.

"చూశాను."

"నేను దవాఖానల కూసోని నన్ను నేనే తిట్టుకున్న. మెడల్‌కు ఆశపడి బిడ్డను గింత చేసుకుంటినని. మా అత్త గూడ నన్నే తిట్టింది. ఊకున్న."

అంతలోనే తనే మళ్ళీ అంది.

"మరి గా పాయింటన్న కలిసిందా మీకు?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. కలిసుంటే కొంతైనా నయం అన్నట్టు అడిగింది.

"లేదు అరుణా. తక్కువ వచ్చినవాళ్ళది తీసేస్తారట. నాకు తెలియలేదు."

ఒక నిట్టూర్పు వినిపించింది. ఆ తర్వాత, "ఇగ నాకు ఫోన్ చెయ్యకుండ్రి అక్కా" అంది. అంత కోపంలో కూడా 'అక్కా' అంది. పెట్టేసింది.

అక్టోబర్ 4, శనివారం

దసరా అయిపోయింది. ఈయన మాట మీద నిలబడ్డారు, ఆదివారం బ్యాచ్ ఊసెత్తలేదు. పైగా ఎవరి దగ్గరో చెస్ పుస్తకం తెచ్చారు. పన్నెండో తారీఖున కొత్తపేటలో టోర్నమెంటుందని వాట్సాప్‌లో వస్తే నేను చూడకముందే పేరు ఇచ్చేశారు.

నేను బ్యాగు సర్దడం మొదలుపెట్టాను. నీళ్ళ సీసా, బిస్కెట్లు, గోలీల డబ్బా.

తన్మయి వచ్చి గోలీల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు రావద్దమ్మా. నాన్న తీసుకెళ్తారు."

"నేనా?" అన్నారు ఈయన. ఆయనకి ఏమీ తెలియదు. మా ఇద్దరి మొహాలూ చూసి ఇక అడగలేదు.

"ఈ ఒక్కసారేనా?" అన్నాను.

"తెలీదు" అంది. గట్టిగా కూడా అనలేదు. బోర్డు చుట్టి సంచిలో పెట్టుకుంది.

ఏడేళ్ళుగా దాన్ని నేనే తీసుకెళ్తున్నాను. ఏ హాల్లో బాత్రూములు బాగుంటాయో, ఏ హాల్లో ఏసీ కింద కూర్చుంటే దానికి జలుబు చేస్తుందో ఈయనకేం తెలుసు? అన్నీ చెబుదామనుకున్నాను. స్వెట్టర్ ఒకటి మాత్రం బ్యాగులో పెట్టాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఇల్లంతా ఖాళీ. పొద్దున బీపీ చూసుకున్నాను, మందు వేసుకున్నాను. పప్పు నానబోశాను. టోర్నమెంటు రిజల్ట్స్ ఫోనులో పెడతారు కదా, చూడకూడదనుకున్నాను. మొదటి రౌండు అయ్యే టైముకి ఫోను చేతిలో ఉంది.

తన్మయి గెలిచింది. ఎవరో వర్ష అనే పిల్లతో. అలవాటు చొప్పున వర్ష రెండో రౌండు ఎవరితో అని వెతికాను. వెతుకుతూ పేర్ల మీద వేలు జరుపుకుంటూ పోతుంటే చాలా కింద, ఓడినవాళ్ళు ఓడినవాళ్ళతో ఆడే ఆఖరి బోర్డుల్లో ఆ పేరు ఉంది. మణికంఠ.

ఆడుతున్నాడు! ఇంకా నెల తిరగలేదు, అప్పుడే పంపించింది అరుణ. ఒంట్లో ఓపికుందా, అన్నం తిన్నాడా, ఆ సర్వపిండి డబ్బా ఇవాళ ఎవరి ముందు తెరిచిందో. ఫోన్ చెయ్యాలని చెయ్యి వెళ్ళింది. చెయ్యొద్దంది కదా.

ఆ తర్వాత మరి వర్షని వెతకలేదు. మధ్యాహ్నం ఈయన ఫోన్ చేసి, "విజయా, దీని మొహం చూస్తే గెలిచిందో లేదో తెలియట్లేదే, ఎలా?" అన్నారు. "నీళ్ళ సీసా ఇవ్వండి, అడగకండి" అన్నాను. మూడు గెలిచి ఒకటి ఓడిందట.

మణికంఠ మొదటిది ఓడాడు, రెండోదీ ఓడాడు. మూడోది చాలాసేపటి దాకా రాలేదు. పప్పు రుబ్బుతూ మధ్యలో ఆపి చేతులు తుడుచుకుని చూశాను, రాలేదు. మళ్ళీ చూశాను. ఓడాడు. నాలుగోది చూడనని ఫోను దూరంగా పెట్టి, వెళ్ళి తెచ్చుకున్నాను.

గెలిచాడు. వాడి పేరు పక్కన ఒకటి పడింది.

ఇవాళ తన్మయి వాడితో ఆడనే లేదు. అంత కింద బోర్డుల్లో ఉన్నవాడితో ఇక ఆడదు కూడా. ఈ పాయింటు మాకు ఎక్కడా కలవదు.

రుబ్బు చేతులతోనే మళ్ళీ తీసి చూశాను. ఒకటి అలాగే ఉంది.